సమాధానం: ట్రైనింగ్ ఇచ్చినా స్టాఫ్ మళ్లీ మళ్లీ అడుగుతుంటే

నమస్తే అండి. కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చినా, రెండు వారాలు తిరక్కుండానే కౌంటర్ వాళ్లు ప్రతిదానికీ మీకే ఫోన్ చేస్తున్నారని రాశారు. వాళ్లను తిట్టకండి, ఇంకో ట్రైనింగ్ కూడా పెట్టకండి. రోజూ వాడని పని ఎవరికైనా మరుపుకొస్తుంది.

మా మందుల హోల్‌సేల్ షాపులోనూ ఇదే టెన్షన్ ఉండేది. మామూలు బిల్లు కొట్టడం అందరికీ వచ్చేసింది. ఎక్స్‌పైరీ సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోట్, అంటే ఆ సరుకు డబ్బు కొన్నవాళ్ల లెక్కలో తగ్గించే చీటీ, వేయడం దగ్గరే చేతులు ఆగిపోయేవి. అది నెలకు రెండు మూడు సార్లే పడే పని మరి. ముందు పాత బిల్లు తెరవాలి, ఆ తర్వాతే బ్యాచ్ నంబరు ఎంచుకోవాలి. తారుమారైతే స్టాక్ తేడా వచ్చేది. ఇలా ఆ పనికున్న మొత్తం నాలుగు స్టెప్పులూ 40 సెకన్ల వీడియో తీసి, దాని క్యూఆర్ కోడ్‌ను మానిటర్ అంచున అతికించాను. ఇప్పుడు ఎదురుగా మనిషి నిలబడి ఉండగానే చూసుకుని వేసేస్తున్నారు.

ఇలా పని చేసే చోటే, పని చేసేటప్పుడే సాయం అందేలా పెట్టడాన్నే పెర్ఫార్మెన్స్ సపోర్ట్ అంటారు. అమెరికాలో గ్లోరియా గెరీ అనే ట్రైనింగ్ నిపుణురాలు 1991లోనే దీని మీద పుస్తకం రాశారు. ఇప్పుడు మనకు చేతిలో ఫోన్ చాలు.

ఒక వారం పాటు మీకు వచ్చే ఫోన్లన్నీ నోట్‌బుక్‌లో రాయండి. ఎక్కువసార్లు అడిగిన మూడింటికే వీడియోలు చేయండి. సాఫ్ట్‌వేర్ మారితే పాత వీడియో వెంటనే తీసేయండి.

కొన్ని మాత్రం నోటికి రావాల్సిందే. ఇన్సులిన్ పెట్టె దిగగానే 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, అక్కడ వీడియో వెతుక్కునే టైమ్ ఉండదు. అలాంటివి దగ్గరుండి నేర్పండి.