హీటరు శక్తి లెక్కలోకి రాదు, భూమి తీగ వస్తుంది

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటున్నాను. ఇంట్లోని పాత వాల్వు రేడియోలో నాకిష్టమైన పాటలు వినడానికి, ఏడు పిన్నుల చిన్న వాల్వులు మూడింటితో ఒక ఏఎం ట్రాన్స్‌మిటర్ తయారు చేసుకుంటున్నాను. లైసెన్సు లేకుండా 100 మిల్లీవాట్లకు మించకూడదని చదివాను. వాల్వుల హీటర్లే కొన్ని వాట్లు తీసుకుంటున్నాయి కాబట్టి ఇది నేరమవుతుందా? యాంటెనాను ఇంటి కప్పు మీద పెట్టవచ్చా? ఇలాంటిదే ఇంకొకటి చేసి స్నేహితుడికి ఇవ్వవచ్చా?

సమాధానం: మీ భయానికి కారణమైన హీటరు (వాల్వు లోపల వేడెక్కే తీగ) శక్తిని చట్టం లెక్కించదు. అమెరికాలో రేడియో ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నియమావళి 15వ భాగంలోని 15.219 నిబంధన 510 నుంచి 1705 కిలోహెర్ట్‌జ్ వరకు వర్తిస్తుంది. చివరి రేడియో తరంగ దశకు, అంటే యాంటెనాకు తరంగాన్ని పంపే ఆఖరి వాల్వుకు, అందే మొత్తం శక్తి 100 మిల్లీవాట్లు దాటరాదని చెబుతూనే, ఫిలమెంటు లేదా హీటరు శక్తిని అది స్పష్టంగా మినహాయించింది. ఉదాహరణకు మీరు చెప్పిన ఏడు పిన్నుల రకంలోని 6బీఈ6 వాల్వు హీటరు 6.3 వోల్టుల వద్ద 0.3 యాంపియర్లు, అంటే దాదాపు 1.9 వాట్లు తీసుకుంటుంది. పరిమితికి పంతొమ్మిది రెట్లున్నా అది తప్పు కాదు.

అసలు జాగ్రత్త యానోడు (వాల్వులో ఎలక్ట్రాన్లు చేరే పలక) దగ్గర కావాలి. యానోడుకు 100 వోల్టులు ఇస్తే ఒక మిల్లీయాంపియరు కరెంటుతోనే పరిమితి నిండిపోతుంది. అదే వాల్వును రేడియోలలో మామూలుగా నడిపే తీరులో నడిపితే ఆ వోల్టేజి వద్ద యానోడు ఒక్కటే సుమారు రెండున్నర మిల్లీయాంపియర్లు లాగుతుంది, స్క్రీను (యానోడుకు ముందుండే జల్లెడ లాంటి తీగ) కరెంటు అంతకంటే ఎక్కువ. నిబంధనలో ఉన్నది ‘మొత్తం’ అనే మాట కాబట్టి స్క్రీనును కూడా కలిపే లెక్కించాలని నా అభిప్రాయం. కేథోడు (ఎలక్ట్రాన్లు బయలుదేరే భాగం) దారిలో 100 ఓముల రెసిస్టరు పెట్టి దాని మీది వోల్టేజిని కొలిస్తే ఈ రెండు కరెంట్లూ కలిసే తెలుస్తాయి. ఆ కరెంటును సరఫరా వోల్టేజితో గుణించగా వచ్చినది 100 మిల్లీవాట్లలోపు ఉండేలా వోల్టేజిని తగ్గించుకోండి. కొలిచిన అంకెలను తేదీతో సహా ఒక పుస్తకంలో రాసి ఉంచండి, ఎందుకంటే కమిషన్ అడిగినప్పుడు పరికరాన్ని తనిఖీకి చూపించవలసిన బాధ్యత మీ మీద ఉంటుంది.

యాంటెనా విషయంలో చాలామంది పొరబడతారు. మూడు మీటర్ల పరిమితి పైకి లేచిన కడ్డీకి మాత్రమే కాదు. ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెనాకు వెళ్లే తీగ, యాంటెనా, భూమి తీగ, ఈ మూడింటి పొడవూ కలిపి మూడు మీటర్లు దాటకూడదు. పరికరాన్ని కప్పు మీద పెట్టి అక్కడి నుంచి నేల దాకా భూమి తీగను దించితే, కడ్డీ ఎంత పొట్టిదైనా, ఆ తీగతోనే మీరు నిబంధన దాటినట్టవుతుంది, ఎందుకంటే అది కూడా తరంగాలను వెదజల్లుతుంది. మీ రేడియో ఇంట్లోనే ఉన్నప్పుడు కప్పు ఎక్కవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

510 కిలోహెర్ట్‌జ్ కంటే కింద, 1705 కంటే పైన వెలువడే తరంగాలు అసలు తరంగం కంటే కనీసం 20 డెసిబెళ్లు తక్కువగా, అంటే శక్తిలో వందో వంతుకు మించకుండా, ఉండాలి. మీరు 900 కిలోహెర్ట్‌జ్ ఎంచుకుంటే దానితోపాటు వెలువడే రెట్టింపు తరంగం 1800 ఆ హద్దు దాటుతుంది కనుక యానోడు వద్ద మంచి ట్యూనింగ్ సర్క్యూటు తప్పనిసరి.

ఇవన్నీ పాటించినా మీకు దక్కేది షరతులతో కూడిన అనుమతే గాని హక్కు కాదు. లైసెన్సు ఉన్న స్టేషన్లకు హానికరమైన అంతరాయం కలిగించకూడదు, ఇతరుల వల్ల కలిగే అంతరాయాన్ని మీరు సహించాలి, కమిషన్ ప్రతినిధి ఆపమని చెబితే ఆపివేయాలి. అనుమతి లేని ప్రసారం మీద 2020 నాటి చట్టం రోజుకు లక్ష డాలర్ల వరకు, మొత్తం మీద ఇరవై లక్షల డాలర్ల వరకు జరిమానా నిర్ణయించింది. కనుక నోటీసు వస్తే మొదట స్విచ్ ఆపివేసి, తరువాతే జవాబు రాయండి.

ఇక స్నేహితుడి సంగతి. సొంత వాడకానికి ఐదుకు మించకుండా, కిట్ నుంచి కాకుండా, అమ్మే ఉద్దేశం లేకుండా ఇంట్లో తయారు చేసుకున్న పరికరాలకు 15.23 నిబంధన ముందస్తు ధ్రువీకరణ అవసరం లేదంటుంది. బహుమతి అమ్మకం కాదని వాదించవచ్చు గాని, ‘సొంత వాడకం’ అన్న మాట ఇంకొకరి ఇంటి దాకా సాగుతుందని నేను భరోసా ఇవ్వలేను. సర్క్యూటు గీసి ఆయనకివ్వండి; ఆయన పరికరాన్ని ఆయననే తయారు చేసుకోనివ్వండి.