విజిలా, ఉద్యోగమా? మైళ్ళు లెక్కేసి చూద్దాం

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు. ఏడో తరగతిలో గుంటూరు నుంచి అమ్మానాన్నలతో అమెరికా వచ్చాను, గ్రీన్ కార్డ్ ఉంది. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఆఫీసుకు వెళ్ళి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, జీతం 72 వేల డాలర్లు. మూడేళ్ళుగా బాస్కెట్‌బాల్ రిఫరీగా హైస్కూలు గేమ్‌లు, డివిజన్ 3 (కాలేజీ ఆటల మూడు స్థాయిల్లో అన్నిటికన్నా కిందిది) గేమ్‌లు చేస్తున్నాను. 2025లో 62 గేమ్‌లకు 9,400 డాలర్లు వచ్చాయి. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోనే ఎదగాలని ఉంది. నాన్న మాత్రం 90 వేలు ఇస్తామంటున్న కన్సల్టింగ్ కంపెనీలో చేరమంటున్నారు. అక్కడైతే సోమవారం నుంచి గురువారం దాకా వేరే ఊళ్ళో ఉండాలి. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వద్దు. ఉన్న ఉద్యోగంలోనే ఉండండి, విజిల్ వదలకండి.

ముందు ఆ 9,400 సంగతి చూద్దాం. మీరు పంపిన కాగితంలో 6,000 మైళ్ళ డ్రైవింగ్ ఉంది. 2025కి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) మైలుకు 70 సెంట్లు ఖర్చుగా చూపుకోనిస్తుంది, అంటే 4,200. వేసవి క్యాంపుల ఫీజు, చారల చొక్కాలు, బూట్లు, సంఘం చందా అన్నీ కలిపి 1,700 అని మీరే రాశారు. అవి పోగా మిగిలింది 3,500. దీని మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ ఇంకో 495 డాలర్ల దాకా పడుతుంది, ఆదాయపు పన్ను వేరే.

ఊస్టర్‌లో ఒక బుధవారం గేమ్ తీసుకోండి. రానూ పోనూ సుమారు 180 మైళ్ళు. గంట ముందే చేరి మిగతా ఇద్దరు రిఫరీలతో కూర్చుని మాట్లాడుకోవాలి, రెండు గంటలు పరుగెత్తాలి, చెమటకు తడిసిన చొక్కా సంచిలో కుక్కుకుని జనవరి మంచులో ఐ-71 మీద ఇంటికి రావాలి. అన్నీ కలిపి ఆరు గంటలకు తక్కువ కాదు. దగ్గరి హైస్కూలు గేమ్‌లు కూడా కలిపి సగటున ఐదు గంటలేసుకున్నా 62 గేమ్‌లకు 310 గంటలు. పన్నుకు ముందే గంటకు 11 డాలర్ల పైచిల్లర. ఒహాయోలో 2025 కనీస వేతనమే 10.70. మీ కంపెనీ 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో మీ జీతానికి 5 శాతం జత చేస్తోందన్నారు కదా, అదే 3,600. మీరు ఏడాదంతా పరుగెత్తి మిగుల్చుకున్నదానికన్నా ఎక్కువ.

మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి ఇది చెప్పడం లేదు. ఈ వృత్తి నడిచే తీరే అది. కాలేజీ రిఫరీలు ఎవరి దగ్గరా ఉద్యోగులు కారు, గేమ్‌కు ఇంత అని తీసుకునే కాంట్రాక్టర్లు. నవంబరు నుంచి మార్చి దాకానే సీజన్. పిక్క పట్టేసి ఆరు వారాలు కూర్చుంటే ఆరు వారాలూ సున్నా. పై స్థాయి అయిన డివిజన్ 1లో పెద్ద కాన్ఫరెన్సుల్లో (కాలేజీ జట్ల కూటముల్లో) గేమ్‌కు వేల డాలర్లు ఇస్తారు, నిజమే. కానీ అంతదూరం వెళ్ళినవాళ్ళలో కూడా చాలామందికి వేరే బతుకుదెరువు ఉండేది. కాలేజీ చాంపియన్‌షిప్ ఆఖరి దశ అయిన ఫైనల్ ఫోర్‌లు ఎన్నో చేసిన రిఫరీ ఎడ్ హైటవర్ ఇల్లినాయ్‌లో స్కూల్ సూపరింటెండెంట్‌గా పనిచేశారు. మరో పేరున్న రిఫరీ హాంక్ నికోల్స్ విల్లనోవా యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. మీ మెడలో వేలాడే ఫాక్స్ 40 విజిల్ తయారుచేసిన రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ 1976 ఒలింపిక్స్ ఫైనల్‌కు రిఫరీ, లారీల వ్యాపారం కూడా ఆయనదే.

ఇక నాన్నగారు చెప్పిన ఉద్యోగం. పెరిగే 18 వేలలో ఫెడరల్, సోషల్ సెక్యూరిటీ, ఒహాయో, కొలంబస్ సిటీ పన్నులన్నీ పోగా చేతికొచ్చేది దాదాపు 11,700. చిన్న మొత్తం కాదు, ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ మీ డివిజన్ 3 గేమ్‌లు ఎక్కువగా బుధ, శనివారాల్లోనే కదా. గేమ్‌లు కేటాయించే అసైనర్‌కు మీరు ప్రతి బుధవారం కుదరదంటే రెండో సీజన్‌కే మీ పేరు వెనక్కి పోతుంది. కాబట్టి ఇంకో మూడు సీజన్లు ప్రయత్నిస్తే, 35 వేల డాలర్లు ఈ కలకు మీరు కడుతున్న ధర అనుకోండి. కట్టదగ్గ ధరే అని నా అభిప్రాయం. 24 ఏళ్ళకు, పెళ్ళీ ఇంటి అప్పూ లేనప్పుడు కట్టకపోతే తర్వాత కట్టలేరు.

పన్ను విషయానికొస్తే, కాంట్రాక్టర్లకు ఎంత ఇచ్చారో చూపే 1099 ఫారం ఇచ్చినా ఇవ్వకపోయినా ప్రతి గేమ్ డబ్బూ పన్ను రిటర్నులో సొంత వ్యాపారపు లెక్క అయిన షెడ్యూల్ సిలో చూపించండి. మూడు నెలలకోసారి అంచనా పన్ను కట్టడం మర్చిపోతారని భయముంటే, ఆఫీసులో డబ్ల్యూ-4 (జీతంలో పన్ను ఎంత పట్టుకోవాలో చెప్పే ఫారం) మార్చి జీతంలోంచే కొంత ఎక్కువ పట్టించుకోండి. గేమ్‌ల డబ్బుకు విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టండి. మైళ్ళ పుస్తకం కారులోనే ఉండాలి, ఏ రోజుది ఆ రోజే రాయాలి. ఇంటి నుంచి నేరుగా వెళ్ళిన ప్రయాణాల్లో ఏవి చెల్లుతాయో సీపీఏకి (లైసెన్సున్న అకౌంటెంట్‌కు) ఒకసారి చూపించండి. 26 నిండగానే నాన్నగారి హెల్త్ ఇన్సూరెన్స్ నుంచి బయటికి వస్తారు, ఉద్యోగం ఉంచుకోమనడానికి అదీ ఒక కారణం. జీతం ఆగితే ఆదుకునే డిసెబిలిటీ పాలసీ మీ కంపెనీలో ఉంటే ఈసారి ఎన్‌రోల్‌మెంట్‌లో తప్పక తీసుకోండి.

ఇది చదువుతున్న ఎఫ్-1 విద్యార్థులకూ హెచ్-1బీ వాళ్ళకూ ఒక మాట. వారాంతంలో హైస్కూలు గేమ్‌కు విజిల్ ఊది 60 డాలర్లు తీసుకున్నా అది అనుమతి లేని పనే అవుతుంది. గ్రీన్ కార్డ్ ఉన్న ఈ అబ్బాయి చేయగలిగింది మీరు చేయలేరు. దయచేసి ఆ సాహసం వద్దు.

2028-29 సీజన్ అయ్యాక నాన్నగారితో కూర్చుని మళ్ళీ ఇదే కాగితం తీయండి. అప్పటికి డివిజన్ 2 గేమ్‌లు వస్తూ, ఖర్చులు పోగా గంటకు మిగిలేది రెట్టింపైతే, అప్పుడు ఆఫీసులో నవంబరు-మార్చి నెలలకు పని వేళలు తగ్గించమని అడగండి. రాజీనామా మాట అప్పుడు కూడా వద్దు. డివిజన్ 1 కాన్ఫరెన్సు ఒకటి మిమ్మల్ని తన జాబితాలో పెట్టుకుని, ఏడాది ఖర్చులు బ్యాంకులో ఉన్నప్పుడు నాకు మళ్ళీ రాయండి.