జాబితాలో ఏడో నంబరు

చిరంజీవి బంగారుతల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ బడిలో ఈ ఏడాది బహుమతుల బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెబుతున్నప్పుడు దాని గొంతు వినవలసింది! నాకూ గర్వంగానే ఉంది, కాదనను. ఆ తర్వాత నువ్వు తయారుచేసిన జాబితాను ఫొటో తీసి పంపింది. కళ్లజోడు పెట్టుకుని 32 బహుమతులూ వరసగా చదవడం మొదలుపెట్టి, ఏడో నంబరు దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోను చేస్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ మధ్యలోనే పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. పిల్లల పేర్లు వాళ్ల చేతే రాయించుకో, ఎలా పలకాలో కూడా అడుగు. మార్కులు ఇద్దరు విడివిడిగా కూడాలి. ఒకరు కూడినది చూసి మరొకరు తలూపడం కాదు. ఇద్దరికి సమానంగా వస్తే ఏం చేస్తారో ఏడాది మొదట్లోనే కాగితం మీద పెట్టండి. పేర్లు బయటపడ్డాక పుట్టిన నియమాన్ని, అది ఎంత న్యాయమైనదైనా, ఎవరూ నమ్మరు. ఖాళీ సర్టిఫికెట్లు ఓ పది ఎక్కువ అచ్చు వేయించు. ముఖ్య అతిథికి పది నిమిషాలని చెబితే ఇరవై మాట్లాడతారు. ఇరవై అన్నావో, పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోతారు. వేదిక మెట్ల దగ్గర ఒక మనిషిని నిలబెట్టు. నవ్వకు. అతిథిగారు చేతిలో కప్పుతో సహా జారిపడిన ఏడాది నేను అక్కడే ఉన్నాను. అప్పటినుంచి ఏ సభకు వెళ్లినా నా చూపు ముందు మెట్ల మీదికే పోతుంది.

ఇక ఏడో నంబరు. "సంపూర్ణ హాజరు షీల్డు: ఒక్కరోజు కూడా మానని విద్యార్థికి." దాన్ని కొట్టెయ్.

ఎందుకో చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

నేను ఉద్యోగంలో చేరి ఆరేళ్లయిన రోజుల్లో ఇదే బాధ్యత నా నెత్తిన పడింది. అప్పట్లో మా బడిలో మార్కులకూ ఆటలకూ తప్ప బహుమతులు లేవు. ఆ రెండింట్లోనూ లేని పిల్లలకు ఏదో ఒకటి ఉండాలి కదా అని నేనే పట్టుబట్టి హాజరు షీల్డు పెట్టించాను. నీకు వచ్చిన ఆలోచనే. మార్కులతో పని లేదు, కాళ్లలో బలం అక్కర్లేదు, ఎవరైనా గెలవగలిగినది ఇదొక్కటే అని స్టాఫ్ మీటింగులో గట్టిగా వాదించాను. ఎవరైనా గెలవచ్చట! జబ్బు చేయని పిల్లలు గెలవచ్చు. ఇంట్లో మంచాన పడ్డవాళ్లు లేని పిల్లలు గెలవచ్చు. తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంటి దగ్గర ఉండిపోవలసిన అవసరం లేనివాళ్లు గెలవచ్చు. అది నాకు అప్పుడు తోచలేదు.

తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పేరెందుకులే. చదువులో మధ్యస్థం, ఆటల్లో అంతంతమాత్రం. ఆ ఏడాది మొదటి రోజునుంచి ఒక్క పూట మానలేదు. నేను నెలనెలా హాజరు లెక్క నోటీసు బోర్డుకు అంటించేదాన్ని. వాడు అటు వెళ్లినప్పుడల్లా ఆగి, తన పేరు ఇంకా అక్కడ ఉందో లేదో చూసుకునేవాడు. ఏడాది ముగియడానికి మూడు వారాలుందనగా వాళ్ల నాయనమ్మకు బాగా సుస్తీ చేసింది. వాణ్ణి పెంచింది ఆవిడే. ఇవాళో రేపో అంటున్నారని వాళ్ల పక్కింటి పిల్ల ఆ ఉదయమే నాతో చెప్పింది. మూడో పీరియడ్‌కు క్లాసులోకి వెళ్తే వాడు తన బెంచీలో కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు వచ్చావురా?" అన్నాను.

లేచి నిలబడి, "ఇవాళ రాకపోతే షీల్డు పోతుంది టీచర్" అన్నాడు.

అప్పుడు చేయవలసింది ఏమిటో నీకు తెలుసు, దారినపోయేవాళ్లకూ తెలుసు. సంచి వాడి భుజాన తగిలించి ఇంటికి పంపాలి. నేను వాడి వీపు తట్టాను. క్లాసు వైపు తిరిగి "క్రమశిక్షణ అంటే ఇదీ" అన్నాను. అందరి చేతా చప్పట్లు కొట్టించాను. వాడు సిగ్గుపడుతూ నవ్వాడు. ఆ పూట పద్యం చెప్పానో వ్యాకరణం చెప్పానో గుర్తు లేదు. నాలుగింటికి వాడు ఇల్లు చేరేసరికి ఆవిడ పోయి రెండు గంటలైందట.

కథ అక్కడితో అయిపోతే కొంత నయం. మర్నాటినుంచి నాలుగు రోజులు ఇంట్లోవాళ్లు వాణ్ణి పంపలేదు. ఎలా పంపుతారు? నియమం ప్రకారం షీల్డు పోయింది. స్టాఫ్ రూములో ఒక పెద్దాయన "ఈ ఒక్కసారికి వదిలేద్దాం అమ్మా" అన్నారు. నేను ఒప్పుకోలేదు. నేను రాసిన నియమం కదా, దాని మీద నాకున్న ప్రేమ అంతా ఇంతా కాదు. ఒకరికి సడలిస్తే రేపు పదిమంది వస్తారన్నాను. పదిమంది ఎవరు? ఇంట్లో చావు జరిగిన పిల్లలు వరస కడతారా? ఆ ముక్క ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. షీల్డు వేరే అమ్మాయికి ఇచ్చాం.

వారం తర్వాత ఆ అబ్బాయి నాన్న సెలవు చీటీ పట్టుకుని వచ్చాడు. "నాలుగు రోజులు మానాడు టీచర్, క్షమించండి" అన్నాడు. క్షమించమన్నాడు, నన్ను! నేను ఆ చీటీ తీసుకుని రిజిస్టరులో పెట్టాను. ఏమీ అనలేదు. ఆ షీల్డు ఇంకో నాలుగేళ్లు నడిచింది. ఏటా నా చేత్తోనే అతిథికి అందించాను. తీసేద్దామంటే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి. ఆ ధైర్యం లేక నాలుగేళ్లు ఊరుకున్నాను.

ఇదంతా ముసలిదాని చాదస్తం అనుకుంటావేమో, చదువుకున్నదానివి. అయితే ఇది విను. కాలిఫోర్నియాలో 14 స్కూల్ డిస్ట్రిక్టులలో, ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు, 15 వేల మందికి పైగా పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2021లో పత్రికకెక్కాయి. ఒక నెలలో ఒక్కరోజూ మానని పిల్లలను తీసుకుని, కొందరికి హఠాత్తుగా ప్రశంసాపత్రం పంపారు. ఆ తర్వాత వాళ్ల హాజరు, ఏమీ అందని పిల్లల కంటే తగ్గింది. మనం తోటివాళ్ల కంటే ఎక్కువే వస్తున్నాం, బడి అడిగినదానికంటే కూడా ఎక్కువే అని పిల్లలు అర్థం చేసుకుని ఉంటారని పరిశోధకుల ఊహ. ఇంకో కొందరికి, రాబోయే నెలలో మానకపోతే బహుమతి ఉందని ముందే చెప్పారు. దానివల్ల వాళ్ల హాజరు పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా మాట్లాడే ప్రయోగమూ ఉంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే రిబ్బను కట్టిన పత్రం ఇస్తామన్నారు. తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వని రోజుల్లో చూస్తే, ఆశ చూపిన పిల్లలు గీయడానికి వెచ్చించే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లకు ఏమీ కాలేదు. ఒకచోట చెప్పి ఇస్తే చెడింది, ఇంకోచోట చెప్పకుండా ఇస్తే చెడింది. ఏది పట్టుకోవాలో నన్నడగకు. బహుమతి ఊరికే పక్కన పడి ఉండే వస్తువు కాదని మాత్రం తెలుస్తోంది, నాకు అది చాలు.

హాజరు పెరగాలంటే వారం రోజులు రాని పిల్లవాడి ఇంటికి ఫోను చెయ్. వచ్చిన రోజున "నువ్వు లేక క్లాసు బోసిపోయింది" అను. దానికి షీల్డు అక్కర్లేదు.

మిగతా 31లో సగం తీసెయ్. అందరికీ ఏదో ఒకటి ఇవ్వాలనే నీ మనసు నాకు తెలుసు, కానీ పిల్లలు లెక్కలు నీకంటే బాగా వేస్తారు. ఏది గెలిచినది, ఏది జాలితో పుట్టినది అని వాళ్లు కూర్చున్నచోటనే తేల్చేస్తారు. "ఉత్తమ చిరునవ్వు" ఏమిటి తల్లీ? పదిహేనేళ్ల కుర్రవాడికి అది ఇచ్చి చూడు, పదో తరగతి అయ్యేదాకా మళ్లీ నవ్వడు. "ఉత్తమ విద్యార్థి" ఉంచాలంటే ఉంచు, కానీ ఉత్తమం అంటే ఏమిటో ఒక్క వాక్యంలో రాసి నాకు పంపు. రాయలేకపోతే అదీ వద్దు.

వేదిక మీద చదివే రెండు మాటల దగ్గర జాగ్రత్త. "చురుకైన తెలివిగల విద్యార్థిని" అని చదవకు, ఆ పిల్ల చేసిన పని చెప్పు. నమూనా మూడుసార్లు కూలిపోతే నాలుగోసారి నిలబెట్టిందని చెప్పు. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, నువ్వు తెలివైనదానివి అని మెచ్చుకున్న పిల్లలు ఓటమి ఎదురవగానే జావగారిపోయారు. తమ మార్కులు ఎవరో తెలియని పిల్లలకు రాసి పంపమంటే, వాళ్లలో దాదాపు 40 శాతం మంది ఎక్కువ వేసుకుని రాశారట. శ్రమను మెచ్చుకున్న పిల్లలు అలా చేయడం చాలా తక్కువ.

చివరగా న్యాయనిర్ణేతలు. బంధువుల పిల్లలు పోటీలో ఉంటే ఆ టీచరును పక్కన పెట్టు. తమవాళ్లకు ఎక్కువ వేస్తారని మాత్రమే కాదు. నీకు ఎనిమిదో తరగతి వ్యాసరచన గుర్తుందా? రెండో బహుమతి వచ్చిందని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "పెద్దమ్మ జడ్జీ అయితే ఏం లాభం" అని మీ అమ్మతో అన్నావట. నేను గట్టిగా మందలించాను కూడా, ఓటమి ఒప్పుకోవడం నేర్చుకోమని.

నలుగురూ ఏమంటారోనని ఆ రోజు నీ వ్యాసం చేతిలోకి తీసుకోకముందే భయపడ్డాను తల్లీ. ఆ రెండు వ్యాసాల్లో ఏది మంచిదో నిజంగా చూడలేదు. మొదటిదో రెండోదో ఇప్పుడు అడిగితే చెప్పలేను, కాగితాలు కూడా లేవు.

జాబితా తిరగరాసి పంపు. ఈసారి మీ అమ్మ చేత కాదు, నువ్వే పంపు. పెద్ద అక్షరాలతో రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ