ఐదొందల్లో పండ్ల సెంటు: బుజ్జమ్మకి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జమ్మా,

నీ మెసేజ్ చూశాను. "500 లోపు, తియ్యగా పండ్ల వాసన వచ్చే పర్ఫ్యూమ్ ఒకటి చెప్పు పెద్దమ్మా, పొద్దున ఆఫీసుకి కొట్టుకెళ్లడానికి, రెండు ముక్కల్లో చాలు" అన్నావు. ఇరవై ఏళ్లు ఫ్యాన్సీ షాపు నడిపినదాన్ని సెంటు గురించి అడిగి రెండు ముక్కల్లో ఆపమంటే ఎలాగే? బస్సులో కూర్చున్నాక తీరిగ్గా చదువుకో.

ముందు డబ్బు సంగతి. 500 చాలు, దానికేం మొహమాటపడకు. చవకలో మల్లె సెంటో గంధం సెంటో కొన్నావనుకో, మూత తియ్యగానే అగరొత్తుల డబ్బా తెరిచినట్టుంటుంది, అసలు మల్లె నూనె, గంధం నూనె ఖరీదు మనం మొయ్యలేం కదా. పండ్ల సంగతి అలా కాదు. మామిడిపండునో యాపిల్‌నో ఎంత పిండినా సెంటుకి పనికొచ్చే నూనె రాదు. నూనె వచ్చేది నారింజ, నిమ్మ, బత్తాయి లాంటివాటి తొక్కల్లోంచే (తొక్క వత్తితే కంట్లో చిమ్మి మండుతుందే, అదే). మిగతా పండ్ల వాసన దాదాపు అంతా ల్యాబులో చేసిందే, నీ 500 సీసాలో అయినా మీ మేనేజర్ గారి పదివేల సీసాలో అయినా. ఆ సరుకు చాలావరకు చవక. అందుకే తక్కువ డబ్బుకి దొరికేవాటిలో మోసపోయే అవకాశం తక్కువ ఉన్నది పండ్ల సెంటులోనే అని నేను షాపుకొచ్చిన ప్రతి కాలేజీ పిల్లకీ చెప్పేదాన్ని. డిగ్రీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఎస్టర్లు (పండ్ల వాసన వచ్చే రసాయనాలు) చేశారా మీరు? అరటిపండు వాసన కొట్టే ఐసోఅమైల్ ఎసిటేట్ ఉంటుంది చూడు, తేనెటీగ కుట్టినప్పుడు తోటివాటిని రమ్మని పిలవడానికి వదిలేది కూడా అదేనట. మీ ఆఫీసు చెట్టుకి తేనెపట్టు ఉంటే అరటి సెంటు మాత్రం వద్దు తల్లీ!

మరి చవకది ఎక్కడ దొరికిపోతుందంటే, చివర్లో. మొదటి పది నిమిషాలు అన్నీ బాగానే ఉంటాయి. గంట గడిచాక పండు ఎగిరిపోయి అడుగు మిగులుతుంది, ఆ అడుగే నువ్వు సాయంత్రం దాకా మోసేది. తియ్యటి సెంట్లలో ఆ అడుగు ఎక్కువగా వెనిల్లా, లేకపోతే పీచు మిఠాయి వాసన. ఆ పీచు మిఠాయి వాసనకి ఇథైల్ మాల్టాల్ అనే పదార్థం వేస్తారు, 1992లో థియరీ ముగ్లర్ వాళ్ల ఏంజెల్ వచ్చినప్పటి నుంచీ దానికి ఎక్కడ లేని గిరాకీ. చలికాలం పెళ్లి రిసెప్షన్‌కి బాగుంటుంది, కాదనను. బెజవాడ మే నెల ఎండలో మాత్రం ముదిరిన పాకంలా అంటుకుపోతుంది. ఒకసారి నేనూ ఏసీ షోరూములో "ఆహా" అనుకుని స్ట్రాబెర్రీ, వెనిల్లా కలిసినది కొట్టించుకుని, మధ్యాహ్నం రెండు గంటలకి ఆటో ఎక్కాను. ఇల్లు చేరేలోపు నా వాసనకి నాకే తలనొప్పి. ఆటో అబ్బాయి పాపం తల బయటికి పెట్టి నడిపాడు.

అందుకని షాపులో వాసన చూసి అక్కడికక్కడే కొనకు. కాగితం ముక్క మీద కొట్టి ఇస్తారు, అది వద్దనుకునేవాటిని పక్కన పెట్టడానికి పనికొస్తుంది, అంతే. నచ్చిన రెండింటిని ఒక్కో మణికట్టు మీద ఒక్కోటి కొట్టించుకుని బయటికి వచ్చెయ్. బీసెంట్ రోడ్డులో నీ పనులు చేసుకో, చెరుకు రసం తాగు, ఎండలో కాస్త చెమట పట్టనివ్వు. గంటన్నర తర్వాత రెండు చేతులూ వాసన చూసి, అప్పటికీ ఏది హాయిగా ఉంటే దాని కోసం వెనక్కి వెళ్లు. రెండూ బాగోకపోతే ఇంటికి పో, షాపువాడు ఏమైనా అనుకోనీ. రెండుకి మించి మాత్రం ఒకేరోజు చూడకు, ముక్కు మొద్దుబారిపోతుంది. కాఫీ గింజలు వాసన చూడమంటారు గానీ, సెంటు తగలని నీ మోచేతి మడత వాసన చూసుకున్నా అదే పని అవుతుంది.

ఏ పండు అంటావా? పగటికి నీళ్లగా ఉండే పండ్లు మంచివి. పెట్టె మీద పియర్, యాపిల్, లీచీ, పుచ్చకాయ, నారింజ అని రాసి ఉన్నవాటితో మొదలుపెట్టు. పియర్ అంటే మన బేరిపండే, దాని తీపిలో కొంచెం పచ్చిదనం ఉంటుంది, వడగాలిలో కూడా మొహం మొత్తదు. పీచ్ పర్లేదు. మామిడి పేరుతో వచ్చేవి నాకు నచ్చవు, మన ఇంట్లో గంపెడు బంగినపల్లి మగ్గుతుంటే ఆ సీసా వాసన ఎవడిక్కావాలి? కొబ్బరి అసలు వద్దు, తలకి నూనె పెట్టుకుని స్నానం చెయ్యకుండా ఆఫీసుకి వచ్చావనుకుంటారు. జడలో మల్లెపూలు పెట్టుకున్న రోజు ఏ సెంటూ వద్దు.

బాడీ మిస్ట్, అంటే ఒంటి మీద చల్లుకునే పలచటి సెంటు నీళ్లు, చవగ్గా పెద్ద సీసాలో వస్తుంది గానీ అందులో సువాసన నూనె నూటికి మూడు పాళ్లు కూడా ఉండదు, బస్సు దిగేలోపు హరీ. పెట్టె మీద ఈడీటీ (ఓ ద తువాలెట్) అని ఉంటే ఆ నూనె సుమారు 5 నుంచి 15 శాతం, ఈడీపీ (ఓ ద పర్ఫ్యూమ్) అంటే అంతకంటే చిక్కన. ఎండకి ఈడీటీ చాలు, అయితే మన దగ్గర 500 లోపు దొరికేవి చాలావరకు ఈడీపీ అనే ఉంటాయి, అదే కొని తక్కువ కొట్టుకో. సైజు చూడు ముఖ్యంగా. ఒక్కో స్ప్రేకి 0.1 ఎం.ఎల్. వేసుకున్నా 30 ఎం.ఎల్. సీసాలో 300 స్ప్రేలు వస్తాయి. రోజుకి మూడు అనుకుంటే వంద రోజులు, అంటే మార్చి నుంచి జూన్ వానల దాకా. నీకు 100 ఎం.ఎల్. ఎందుకు? ఐటీసీ వాళ్ల ఎంగేజ్‌లో జేబులో పట్టే 18 ఎం.ఎల్. స్ప్రేలుంటాయి, టైటాన్ వాళ్ల స్కిన్‌లో, బెల్లా వీటాలో 20 ఎం.ఎల్. సీసాలు దొరుకుతాయి. సెట్‌గా వచ్చేది అయితే మీ రూమ్మేట్‌తో పంచుకో. ఫుట్‌పాత్ మీద పెద్ద ఫారిన్ పేరుతో 300కి అమ్మేది మాత్రం ముట్టుకోకు. పెట్టె మీద తయారీదారు అడ్రసు, బ్యాచ్ నంబరు, తేదీ, ఎమ్మార్పీ లేకపోతే అందులో ఏం పోశారో వాడికే తెలియాలి.

ఇక కొట్టుకోవడం. స్నానం చేసి, ఒళ్లు ఆరాక, వాసన లేని మాయిశ్చరైజరో రెండు చుక్కల బాదం నూనో మణికట్టుకి, మోచేతి మడతకి రాసి దాని మీద కొట్టు, పొడి చర్మం మీద కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. చేతులు రెండూ పరపరా రుద్దకు, ఆ వేడికి పండు వాసనే ముందు పోతుంది. చెమట వాసన మీద సెంటు కొడితే రెండూ కలిసి మూడోది పుడుతుంది, దాని సంగతి ఆర్టీసీ బస్సులో నిలబడ్డవాళ్లని అడుగు. నారింజ, నిమ్మజాతి సెంటు ఎండ తగిలే మెడ మీద వద్దు, ఆ నూనెల్లో కొన్ని ఎండ పడితే చర్మం మీద నల్లమచ్చలు తెస్తాయి. వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు, ముత్యాలు సెంటు ఆరాకే పెట్టుకో, స్పిరిట్‌కి మెరుపు పోతుంది. అరగంటయ్యాక నీకు వాసన తెలియదు, అయిపోయిందనుకుని మళ్లీ కొట్టకు, పక్క సీటు అమ్మాయికి తెలుస్తూనే ఉంటుంది.

బట్టల మీద కొట్టాలంటే ముదురు రంగు చున్నీ అంచు మీద కొట్టు. నా తెల్ల మంగళగిరి చీర గుర్తుందా, నీలం అంచుది? వెనిల్లా ఉన్న సెంటు కొట్టి మడిచి లోపల పెట్టాను. ఆరు నెలలకి తీస్తే పమిట మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మచ్చ. వెనిల్లాలో ఉండే వెనిలిన్ గుణం అదట, నిలవున్న కొద్దీ రంగు తిరుగుతుంది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, చివరికి దిండు గలీబులు కుట్టించాను. సీసాలో సెంటు కాస్త గోధుమరంగుకి తిరిగితే కంగారుపడకు, వాసన బాగుంటే వాడుకోవచ్చు. బాత్రూములో, కిటికీ దగ్గర పెట్టకు. స్కూటీ డిక్కీలో అసలే వద్దు, అందులో ఉన్నది ముప్పాతిక స్పిరిట్టే. బీరువాలో చీరల పక్కన, మూత బిగించి, నిలబెట్టి పెట్టు.

మీ నాన్న శనివారం వస్తున్నాడుగా, మూడు చిన్న శాంపిల్ సీసాలు పంపిస్తున్నాను, మూతల మీద స్కెచ్ పెన్‌తో ఒకటి, రెండు, మూడు అని రాశాను. ఏది ఏ పండో చెప్పను. రోజుకొకటి కొట్టుకుని ఆఫీసుకి వెళ్లి, సాయంత్రం బస్సు దిగాక ఎలా ఉందో నాకు మెసేజ్ పెట్టు. ఖాళీ సీసాలు పారెయ్యకు, వెనక్కి పంపు.

మీ పెద్దమ్మ