రెండు చోట్లా నా పేరు లేదు

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. మాది పల్నాడులో ఒక ఊరి లూథరన్ సంఘం. పద్నాలుగేళ్ళ కింద హైదరాబాద్ వచ్చేశాం. ఆరేళ్ళుగా వేలమంది వచ్చే ఒక పెద్ద మందిరానికి వెళ్తున్నాం. చంటిబిడ్డగా పొందిన బాప్తిస్మం చెల్లదనీ, మళ్ళీ నీళ్ళలో మునిగి తీసుకుంటేనే సభ్యత్వమనీ అన్నారు. నాకు మనసొప్పలేదు. ట్రాఫిక్‌కి భయపడి చివరి ప్రార్థనకు ముందే లేచి వచ్చేసేవాళ్ళం. ఫిబ్రవరిలో అమ్మ పోయింది. ఊరికి తీసుకెళ్ళాం. ఎవరో ముగ్గురు పెద్దావిడలు అమ్మకు స్నానం చేయించి, తెల్లచీర కట్టి, రాత్రంతా కీర్తనలు పాడుతూ కూర్చున్నారు. తెల్లారాక ఒక సంఘ పెద్ద మా అన్నయ్యను పక్కకు పిలిచి, ఏడేళ్ళ చందా బాకీ కడితేనే గంట కొట్టిస్తామన్నాడు. శవపెట్టె ముందే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు అన్నయ్య. తిరిగొచ్చి నాలుగో ఆదివారం ఇక్కడి మందిరానికి వెళ్తే గుమ్మం దగ్గర ఒక కుర్రాడు నవ్వుతూ 'మొదటిసారి వచ్చారా సిస్టర్?' అన్నాడు. అక్కడే ఏడ్చేశాను. ఇక చర్చి మాటెత్తొద్దు, ఫోన్‌లో వాక్యం వినొచ్చు అంటున్నారు మావారు. ఒంగోలులో ఉండే మా మామగారు బాప్టిస్టు. సంఘం లేకపోతే పిల్లల పెళ్ళిళ్ళు ఎవరు చేస్తారని రోజూ ఫోన్. మా పాపకు 14, బాబుకు 10. దేవుణ్ణి నమ్ముకోవడానికి సంఘం కావాలా? నేను అసలు ఎక్కడిదాన్ని?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ బాకీ సంగతి. అది తప్పు. ఎంత బాకీ ఉన్నా శవం ముందు లెక్క తీయడం తప్పే. ఇలాంటి ఉత్తరం నాకు రావడం ఇది మొదటిసారి కాదు. ఊరు విడిచి పట్నం పోయినవాళ్ళ మీద ఊళ్ళో ఉండిపోయినవాళ్ళకు ఒక అలక ఉంటుంది. అది బయటపడేది ఇలాంటి రోజునే. అంతమాత్రాన ఆయన చేసింది ఒప్పయిపోదు.

అలాగని చందానే తప్పు పట్టకండి. మాది మెదక్ వైపు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. మా అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన డాల్డా డబ్బాలో వేసేది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజు పిడికిలి చిన్నదయ్యేది గానీ డబ్బా మానేది కాదు. ఆదివారం ఆ డబ్బా కొంగు కింద పట్టుకుని గుడికి పోయేది. పాస్టరు అయ్యగారింట్లో పొయ్యి వెలిగేది అలాంటి డబ్బాల మీదే. చందా పుట్టింది అక్కడ. అది రసీదు పుస్తకంగా మారి, ఆ పుస్తకం చావు ఇంటికి వచ్చేదాకా పోయిందంటే సంఘం తన లెక్క తానే మరిచిపోయినట్టు. మీ అన్నయ్యగారిని అయ్యగారికి ఒక ఉత్తరం రాయమనండి. తిట్టక్కర్లేదు. భూస్థాపన అయ్యేదాకా ఎవరి దగ్గరా బాకీ ఊసెత్తకూడదని పెద్దల కూటంలో తీర్మానం రాయించమని అడగాలి. రేపు ఇంకో ఇంటికి ఆ అవమానం తప్పుతుంది.

ఇక మీ పెద్ద మందిరం. ఆ కుర్రాడి మీద కోపం పెట్టుకోకండి. వారానికి వెయ్యి మొహాలు చూసే పిల్లవాడు, మర్యాదగానే అడిగాడు. మిమ్మల్ని నొప్పించేదే అయినా ఒక మాట చెప్పాలి. చివరి ప్రార్థనకు ముందే లేచి వచ్చేవాళ్ళమని మీరే రాశారు. గుడిలో మనుషులు ఒకరికొకరు తెలిసేది ఆ తర్వాతే. చెప్పులు వెతుక్కుంటూ, 'మీ అత్తగారికి షుగర్ ఎలా ఉంది' అని అడుగుతూ, పిల్లల్ని కేకేస్తూ ఉండే ఆ పావుగంటలో. మీరు ఆరేళ్ళూ వాక్యం విన్నారు, ఆ పావుగంట మాత్రం వదిలేశారు. పెద్ద సంఘాల్లో చాలాచోట్ల ఇళ్ళలో చిన్న కూడికలు పెడతారు, పేరు గుర్తుపెట్టుకునే పని అక్కడ జరుగుతుంది. మీరెప్పుడైనా వెళ్ళారా? వెళ్ళినట్టు ఉత్తరంలో లేదు. అమ్మను చూసుకుంటూ, ఇద్దరు పిల్లలతో, ఆ తీరిక దొరకలేదేమో. తప్పు పట్టడం లేదు. తప్పంతా వాళ్ళ మీదే వేసి మీవారు చర్చి తలుపే మూసేస్తున్నారు కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

ఆయనతో వాదం వద్దు. పెట్టె పక్కన నిలబడి, బావమరిది నోట్లు లెక్కపెడుతుంటే చూసిన అల్లుడు ఆయన. ఫోన్‌లో వాక్యం వినడం పాపమేమీ కాదు, మంచం పట్టినవాళ్ళకు అదే దిక్కు. మీరూ వినండి. ఆయన్ను ఆదివారం బయల్దేరదీయాలని మాత్రం ప్రయత్నించకండి. కొన్నాళ్ళు మీరొక్కరే వెళ్ళి రండి.

దేవుణ్ణి నమ్మడానికి సంఘం కావాలా అన్నారు. నమ్మడానికి అక్కర్లేదేమో. కానీ పౌలు కొరింథువాళ్ళకు రాసిన పత్రికలో సంఘాన్ని శరీరంతో పోల్చిన మాట మీకు తెలిసిందే: ఒక అవయవం బాధపడితే మిగతావన్నీ దానితో బాధపడతాయని. నేను దాన్ని ఉపదేశంగా చదవను, పరీక్షలా చదువుతాను. నాకు నొప్పి పుడితే ఎవరికి తెలుస్తుంది? ఎవరికి నొప్పి పుడితే నాకు తెలుస్తుంది? రెండో ప్రశ్నకు మీ దగ్గర ఒక్క పేరైనా ఉందా, చూసుకోండి.

మీ మామగారి బెంగ మీకు చాదస్తంలా కనిపిస్తున్నట్టుంది. ఒంగోలు బాప్టిస్టులకు సంఘమంటే ఏమిటో ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూస్తే ఆ ఫోన్లు వేరేగా వినిపిస్తాయి. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందే 1876–78 కరువు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించాడు. కూటికోసం కలిశారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ ఆగిన జనమే తర్వాత నదికి వచ్చింది. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్ళు, ఇంటిల్లిపాదీ, పల్లెకు పల్లె. ఊరు దూరం పెట్టినవాళ్ళకు ఆ సంఘమే ఊరు. బడి అక్కడే, పెళ్ళి అక్కడే, సమాధుల తోట అక్కడే. ఆ లెక్కలో పెరిగిన మనిషికి 'మాకు సంఘం లేదు' అనే మాట 'మాకు ఊరు లేదు' అన్నట్టు వినిపిస్తుంది. (కులం సంగతి అడిగితే మాత్రం ఇప్పటికీ చెప్పులతోపాటు దాన్ని గుమ్మం బయట విడిచిరాని సంఘాలు చాలానే ఉన్నాయి. అది వేరే ఉత్తరానికి జవాబు.)

ఆయనకు ఒక మాట చెప్పి ధైర్యం ఇవ్వండి. పెళ్ళి విషయంలో చట్టం అడ్డు రాదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న పాస్టరు గారే కాదు, మ్యారేజ్ రిజిస్ట్రారూ పెళ్ళి చేయవచ్చు. పద్నాలుగేళ్ళ పిల్ల పెళ్ళికి ఇప్పటినుంచే తొందర ఎందుకని కూడా నెమ్మదిగా అనండి. పాప సంఘం విషయం పాపకే వదలండి. మీ లూథరన్లలో కన్ఫర్మేషన్ (ఎదిగాక తన విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం) అయినా, ఆయన బాప్టిస్టుల్లో బాప్తిస్మం అయినా, పిల్ల తన నోటితో ఒప్పుకోవాల్సిన మాట. తాత కోసం చెప్పించేది కాదు.

మీకు ఇప్పుడు దారి ఏమిటంటే, ఇంటికి దగ్గర్లో, నడిచి వెళ్ళగలిగే చిన్న సంఘం ఒకటి చూడండి. లూథరన్ సంఘం ఉంటే మంచిదే, లేకపోతే సీఎస్‌ఐ అయినా ఫరవాలేదు. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి సీఎస్‌ఐ అయినప్పుడు లూథరన్లు విడిగానే ఉండిపోయారు గానీ, చంటిబిడ్డల బాప్తిస్మం ఇద్దరూ ఒప్పుకుంటారు. మళ్ళీ నీళ్ళలో మునగమని మిమ్మల్ని ఎవరూ అడగరు. పెద్ద మందిరంలో ఆ ఒక్కదానికి మీరు తల వంచకపోవడం నాకు నచ్చింది. మీ అమ్మానాన్నలు మిమ్మల్ని ఎత్తుకుని చేసిన ప్రమాణం అది, చెల్లదని ఎవరో అన్నంత మాత్రాన చెల్లకుండా పోదు. మూడు నెలలు ఊరికే వెళ్ళి రండి. చివరిదాకా కూర్చోండి. మనసు కుదిరితే ఊరి అయ్యగారి దగ్గరనుంచి సభ్యత్వ బదిలీ ఉత్తరం తెప్పించుకోండి. చేరే ముందు మొహమాటపడకుండా రెండు అడగండి: లెక్కలు ఏడాదికోసారి సంఘం ముందు చదువుతారా, సమాధుల తోట ఎవరిది. కొన్నిచోట్ల అది సంఘానిది, కొన్నిచోట్ల పంచాయతీదో మునిసిపాలిటీదో. ఎవరిదో ముందే తెలిస్తే చావు రోజున బేరాలు ఉండవు.

ఇంకొక్క సంగతి. మీ ఉత్తరంలో చందా అడిగిన పెద్దమనిషికి రెండు వాక్యాలు, గుమ్మం దగ్గరి కుర్రాడికి రెండు ఇచ్చారు. మీ అమ్మకు స్నానం చేయించి రాత్రంతా మేలుకున్న ముగ్గురికి ఒక్కటి. 'ఎవరో ముగ్గురు పెద్దావిడలు' అన్నారు. వాళ్ళు చుట్టాలైతే అలా రాసేవాళ్ళు కాదు. మీ ఊరి సంఘంలోని స్త్రీల సమాజం వాళ్ళే అయ్యుంటారు. మీ అమ్మ వాళ్ళతో కలిసి ఎన్ని ఇళ్ళకు అలా వెళ్ళి కూర్చుందో మీరు హైదరాబాద్‌లో ఉండగా. ఏడేళ్ళ బాకీ సంగతి వాళ్ళకూ తెలిసే ఉంటుంది, అయినా కబురు అందగానే వచ్చారు.

నేను ఎక్కడిదాన్ని అని అడిగారు కదా. ఈసారి ఊరెళ్ళినప్పుడు సమాధి దగ్గర పూలు పెట్టి వెంటనే కారెక్కకండి. ఆ ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళండి, పాపను కూడా తీసుకెళ్ళండి. వాళ్ళ పేర్లు మీ ఉత్తరంలో లేవు. ముందు అవి కనుక్కోండి.