చద్దిమూటలో ఉన్నది పాతదా, చల్లనిదా?

సందేహం: మా అబ్బాయి నోటుపుస్తకంలో ‘పెద్దల మాట చద్దిమూట’ అంటే ‘పెద్దల మాటలు పాతబడినా పనికొస్తాయి’ అని రాయించారు. చద్ది అంటే పాతబడిందనేనా? మా అమ్మ చద్దన్నం అంటుంది. వరంగల్లు వాళ్లైన మా అత్తయ్య సద్ది అంటారు. సద్దుల బతుకమ్మకు చేసేవన్నీ ఆ పూట వండినవే కదా, వాటినీ సద్దులు అనడమేమిటి? ఏది సరైన మాట?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: అమ్మా, ముందు ఆ ‘పాతబడినా’ అన్న మాట కొట్టేయించండి. చద్దిలో పాతదనం లేదు, చల్లదనం ఉంది.

చలి, చల్లన, చలువ, చలివేంద్రం ఏ మూలం నుంచి వచ్చాయో ఇదీ అక్కణ్ణుంచే వచ్చింది. చలిది అంటే చల్లనిది. చలిది చల్ది అయింది, చల్ది చద్ది అయింది. వలదు వల్దు అయి, వల్దు వద్దు అయినట్టే. మెట్టుకు మెట్టు సరిపోతుంది. నిఘంటువులు దీనికి ‘పర్యుషితాన్నం’ అని సంస్కృతం చూపిస్తాయి. అది రాత్రి గడిచిన అన్నం. పదార్థం ఒకటే గానీ పేరు పెట్టిన చూపు వేరు. సంస్కృతం పొద్దు లెక్క చూసింది, తెలుగు చెయ్యి పెట్టి చూసింది. తమిళులు పళయదు అంటారు, అంటే పాతది. ఒడియావారి పఖాళ ప్రక్షాళనకు చుట్టం, నీళ్లు పోసి కడిగినదని. కన్నడిగుల తంగళు మాత్రం మనతో కలుస్తుంది, అందులోని ‘తణ్’ చల్లదనమే.

ఎండలు కాసే నేల మనది. ఇక్కడ క్షేమానికి గుర్తు చల్లదనం. చల్లగా ఉండమని దీవిస్తాం, కడుపు చల్లగుండ అంటాం, ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు చలిమిడి పెట్టి పంపుతాం. ఆ చలిమిడిలోనూ ఉన్నది ఈ చలే. ఇప్పుడేమో పత్రికల్లో ‘వెచ్చని స్వాగతం’ పలుకుతున్నారు. మంచు కురిసే దేశాలవాళ్లకు ఆ మాట అందం. రోహిణి కార్తెలో గుమ్మంలోకి వచ్చినవాడికి వెచ్చని స్వాగతం ఏమిటి? చల్లని మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టే జాతికి ఆత్మీయతను చెప్పుకోవడానికి అరువు మాట అక్కర్లేదు.

చల్ది రుచి తెలియాలంటే 15వ శతాబ్దపు పోతన దగ్గరికి వెళ్లాలి. భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు దూడలను మేపుతూ, ఎండకు మగ్గిన తోటిపిల్లలను ‘రండో బాలకులార! చల్ది గుడువన్’ అని పిలుస్తాడు. కృష్ణుడు తినడానికి కూర్చున్న తీరును సంస్కృత మూలం ‘వామే పాణౌ మసృణకవలం తత్ఫలాన్యంగుళీషు’ అంటుంది. ఎడమచేతిలో నున్నని కబళం, వేళ్ల మధ్య దానికి తగిన ఫలాలు. తిండి సంగతి అంతవరకే. పోతన ఆ కబళాన్ని తెలుగు వంటింట్లోకి తీసుకెళ్లి ‘మీఁగడ పెరుగుతో మేళవించిన చల్దిముద్ద’ చేశాడు. ఫలాలను ఊరగాయలు చేశాడు. అవీ ఊరికే వచ్చినవి కావు, ‘చెలరేఁగి కొసరి తెచ్చిన యూరుగాయలు’. ఆ కొసరడం చూడండి. ఇంకొక్క ముక్క వెయ్యమని జాడీ దగ్గర తల్లి కొంగు పట్టుకుని వేధించడమంతా అందులో ఉంది. పిల్లలున్నది ఏటి ఒడ్డున. ఇల్లూ లేదు, తల్లీ లేదు. ఒక్క క్రియతో రెంటినీ ఇసుక మీదికి తెచ్చాడు. ముద్ద ఎడమచేతిలో ఎందుకంటే, ఆ అరచెయ్యే ఆయనకు కంచం. తినడానికి కుడిచెయ్యి ఉండనే ఉంది. కుడుచు అంటే తిను, దాన్నుంచే కుడి వచ్చిందంటారు. యాగాల్లో హవిస్సు అందుకునే యాగభోక్త ఇలా చల్ది కుడుస్తుంటే అమరులు వెరగందారట. వాళ్ల ఆశ్చర్యం తిండి తక్కువదని కాదు, అంతటివాడు పిల్లల్లో పిల్లాడై కలిసిపోయినందుకని నేను చదువుకుంటాను.

ఇక మూట. సామెత బలమంతా ఇక్కడుంది. పొలానికి తిండి పంపే ఏ ఇల్లాలూ వేడన్నం మూట కట్టదు. కడితే ఆవిరి ఆకుకు చెమర్చి, నీరై మళ్లీ అన్నంలోకే దిగి, మధ్యాహ్నానికి జిగురు సాగుతుంది. అందుకని రాత్రి అన్నాన్ని గోరువెచ్చనయ్యేదాకా ఆరనిచ్చి, కుండలో వేసి, అన్నం మీద రెండు వేళ్ల ఎత్తున నీళ్లు పోసి, మూతికి గుడ్డ కడతారు. ఎండాకాలం 8 గంటలకే పులుపు తగులుతుంది, చలికాలం 12 పట్టొచ్చు. పొగలు కక్కే అన్నంలో నీళ్లు పోస్తే మెతుకు చితికిపోతుంది. ఉప్పు రాత్రే వేస్తే పులవడం ఆలస్యమవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే చల్లబడుతుందే గానీ పులవదు. పాలు తోడు పెట్టే ఇళ్లలో కప్పు అన్నానికి కప్పున్నర గోరువెచ్చని పాలు, చెంచాడు మజ్జిగ చాలు. పాలు కాలుతుంటే తోడుకోదు. తెల్లారి నీళ్లు వార్చి, అన్నాన్ని గట్టిగా పిండి, పెరుగూ ఉప్పూ కలిపి ముద్ద చేసి, నడుమ ఊరగాయ ముక్క నొక్కి, మోదుగాకులో పొట్లం కట్టి పైన గుడ్డ చుడతారు. ఆ పులుపే మధ్యాహ్నందాకా అన్నాన్ని కాస్తుంది.

అంటే ఆ మూట మిగిలిపోయినది పారెయ్యలేక ఇచ్చింది కాదు. ఇంటికి దూరాన నీకు ఆకలేసే వేళ ఒకటి వస్తుందని ముందే తలచి, అప్పటికి చెడకుండా సిద్ధం చేసి ఇచ్చింది. పెద్దల మాటను దానితో పోల్చారు.

చెడినదానికి మనకు వేరే మాట ఉంది: పాచి. నిలవ వేరు, పులిసినది వేరు, పాచిపోయినది వేరు. ఇప్పుడు ‘చద్ది కబుర్లు’, ‘చద్ది వార్తలు’ అని రాసేవాళ్లు చద్దినీ పాచినీ ఒకే గంపలో వేస్తున్నారు. ఆ వాడుక బాగా పాకింది కాబట్టి తప్పని కొట్టేసే సాహసం చెయ్యను. ఆ అర్థాన్ని సామెతలోకి మాత్రం లాక్కురావద్దు.

సద్ది, చద్ది రెండూ సరైనవే. తెలంగాణలో, రాయలసీమలో చకారం సకారమైంది. సద్దుల బతుకమ్మ సంగతి ఇంకా బాగుంది. పెరుగన్నం, చింతపండు పులిహోర, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది ఇవేవీ రాత్రి మిగిలినవి కావు. కలిపి, చల్లారనిచ్చి, గిన్నెలకెత్తుకుని చెరువుగట్టుకు తీసుకెళ్లి పంచుకు తినేవి. రాత్రి గడవాలన్న నియమం మాటలో లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పోతన పిల్లలు ఏటి ఒడ్డున చేసిందీ ఇదే.

తరవాణి వేరు, అది పులిసిన గంజినీళ్లు, తేటగా వంచుకు తాగేది. సద్ద రొట్టెలోని సద్దలకూ సద్దికీ చుట్టరికం లేదు, అవి సజ్జలు. మీ అబ్బాయి చేత ‘పెద్దల మాట దారిబత్తెంలా అవసరానికి ఆదుకుంటుంది’ అని రాయించండి. పంతులుగారు ఒప్పుకోకపోతే ఆ చల్దిముద్ద పద్యం చూపించండి.