అమ్మాయి ఇంటర్ ఫీజు కట్టే ముందు అబ్బాయి లెక్క తీయండి

ప్రశ్న: మాది కల్వకుర్తి. నేను బట్టలు కుడతాను, మావారు ఆటో నడుపుతారు. మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పాసయింది. హైదరాబాద్‌లో హాస్టల్‌తో కలిపి ఇంటర్ రెండేళ్లకు మూడు లక్షలు అడుగుతున్నారు. సుకన్య ఖాతాలో లక్షా ఎనభై వేలు ఉన్నాయి. అందులో సగం తీసి, మిగతాదానికి బంగారం కుదువ పెట్టవచ్చా? అబ్బాయినీ ఇలాగే చదివించాం. వాడిప్పుడు జడ్చర్లలో మొబైల్ షాపులో చేస్తున్నాడు.

జవాబు: అమ్మా, నిబంధన ప్రకారం తీయవచ్చు. ఆడపిల్ల పదో తరగతి పాసైనా, 18 ఏళ్లు నిండినా, అంతకుముందు మార్చి 31 నాటి నిల్వలో సగం దాకా చదువు కోసం ఇస్తారు. అయితే కాలేజీ అడిగిన ఫీజు కాగితం చూపాలి, ఆ మొత్తానికి మించి ఇవ్వరు. మీకు వచ్చేది 90,000. మిగిలిన 2,10,000కు బంగారం కుదువ పెడితే, నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 2,100 అవుతుంది. అంటే రెండేళ్లలో యాభై వేలు దాటుతుంది, అసలు అలాగే ఉంటుంది.

మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన అబ్బాయి సంగతే నాకు అన్నింటికన్నా ముఖ్యంగా కనిపించింది. వాడు పదో తరగతి పాసైన నెల నుంచి మొదటి జీతం అందుకున్న నెల వరకు ఏ ఏడాది ఎక్కడ ఉన్నాడో, ఎంత కట్టారో, ఎక్కడ ఆగిపోయాడో, ఎందుకు ఆగాడో ఒక నోటుబుక్కులో వరుసగా రాయండి. ఆ తర్వాత మీ అమ్మాయి చదివిన బడిలోనే అయిదేళ్ల కిందట పది పాసైన పది మంది ఆడపిల్లల గురించి వాళ్ల ఇళ్లకు వెళ్లి ఇవే అడగండి. మీ దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్లలోనే సగం మంది తల్లులు దొరుకుతారు. ఈ పని మీ తరఫున ఇంకెవరూ చేయరు: విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దగ్గరే ఆగుతుంది, బడి పిల్లల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్ పన్నెండో తరగతితో ముగుస్తుంది, కాలేజీ ఫ్లెక్సీ మీద ర్యాంకు వచ్చిన పిల్లల ఫొటోలే తప్ప మధ్యలో మానేసిన వారివి ఎన్నడూ ఉండవు.

ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకుని మిగతా దారులు చూడండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి ఉంటే మూడేళ్ల డిప్లొమా చేసి, ఆ తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అయితే ఇందులో ఏది మీ అమ్మాయికి ఇష్టమో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు ఆమెను అడగండి.

నా మట్టుకు సుకన్య డబ్బు ఇప్పుడు కదపను. ఇంటర్ రెండేళ్ల చదువు, డిగ్రీ అయినా ఇంజనీరింగ్ అయినా మూడు నాలుగేళ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైన ఏడాది చేతిలో ఉండవలసిన డబ్బు అది. అన్నీ చూశాక కూడా హైదరాబాదే అనుకుంటే మొదటి ఏడాది ఫీజు మాత్రమే వాయిదాల్లో కట్టండి, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో రసీదు మీదే రాయించుకోండి, బంగారం ఆ వాయిదాకు సరిపడా మాత్రమే పెట్టండి.